పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలా? ఐదో బోరు గురించి అడిగిన అబ్బాయికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉరవకొండ దగ్గర ఊరు, నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, ఆరేళ్లలో నాలుగు బోర్లు. మొదటిది రెండేళ్లు నీళ్లిచ్చి ఎండిపోయింది. తర్వాతి మూడింటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. వాటిలో ఒకదానిలో 580 అడుగుల దగ్గర తడి మట్టి కనిపించింది, అంతే. ఇప్పుడు అమ్మగారి నగలు తాకట్టు పెట్టి ఐదో బోరు వేయిస్తానని నాన్నగారు పట్టుబట్టారు. "ఊళ్లో అన్నదమ్ముల భాగాలు పంచాలన్నా ఆయన్నే పిలుస్తారు. అంత తెలివైన మనిషి సొంత పొలం దగ్గరికి వచ్చేసరికి ఇలా ఎందుకు అయిపోయారు? ఆయన్ని ఎలా ఆపాలి?" అని అడిగారు.

నేను అనంతపురంలో 31 ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వ శాస్త్రం చెప్పాను. మనిషి ఒక నిర్ణయానికి ఎలా వస్తాడు అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం. అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు వచ్చింది తరగతి గదిలో కాదు. కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో మా అన్న నాలుగు బోర్లు వేయించాడు. మూడోది వేసిన రాత్రి నేను అక్కడే ఉన్నాను.

అది 2003 వేసవి. అంతకు ముందు ఏడాది వానలు లేవు. బోరు బండి రాత్రి తొమ్మిదికి వచ్చింది. 400 అడుగులకు మాట్లాడుకున్నాం. ఒక్కో రాడ్డు దిగేకొద్దీ పైకి వచ్చిన రాతిపొడిని పనివాళ్లు చిన్న చిన్న కుప్పలుగా వరసలో పోస్తున్నారు, ఏ లోతులో ఏ రాయి తగిలిందో తెలియడానికి. మా అన్న ప్రతి కుప్ప దగ్గరా కూర్చుని పిడికెడు పొడి తీసి గట్టిగా పిండేవాడు. వేళ్లు విప్పితే పొడి ముద్ద కట్టకుండా జారిపోయేది. మళ్లీ తర్వాతి కుప్ప. నాలుగు వందల అడుగులు అయ్యాక మేస్త్రీ మిషన్ ఆపి, "ఏం చేద్దాం?" అన్నాడు. అంత హోరు ఒక్కసారిగా ఆగితే చెవుల్లో ఏదో మోగినట్టు ఉంటుంది. ఎవరూ మాట్లాడలేదు. మొదట నోరు విప్పింది నేనే. "ఇంతదాకా వచ్చాం కదా, ఇంకో యాభై అడుగులు చూద్దాం" అన్నాను. ఆ యాభై తర్వాత మరో యాభై. అలా 620 అడుగులు. లోతుకు పోయేకొద్దీ అడుగు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుందని అందరికీ తెలుసు. తెల్లవారుజామున బండి వెళ్లిపోయాక ఆ బూడిదరంగు కుప్పల వరస మాత్రం పొలంలో మిగిలింది.

"ఇంతదాకా వచ్చాం కదా" అన్న మాట ఎంత ప్రమాదకరమో ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తరగతిలో గంటసేపు చెప్పాను. ఆ పాఠం ఆ రాత్రి నాకు అడ్డుపడలేదు. అందువల్ల మీ నాన్నగారి బుర్ర చెడిందేమోనన్న అనుమానం ముందు తీసేయండి. ఆయన స్థానంలో కూర్చుంటే నూటికి తొంభై మంది ఆయనలాగే ఆలోచిస్తారు. ఊరికే అన్న మాట కాదిది, దాదాపు అంతే లెక్క ఒక ప్రయోగంలో తేలింది.

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్‌కీ అనే ఇద్దరు ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక పరిశోధన ప్రచురించారు. కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ పని వల్లే. ట్వెర్స్‌కీ అప్పటికి ఆరేళ్ల కిందటే పోయారు. వాళ్లు జనాన్ని అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది. ఒక దారిలో వెళ్తే కచ్చితంగా 3,000 పోతాయి. ఇంకో దారిలో వెళ్తే నూటికి ఎనభై పాళ్లు 4,000 పోతాయి, ఇరవై పాళ్లు ఏమీ పోదు. ఏ దారి? లెక్క వేస్తే రెండో దారిలో సగటు నష్టం 3,200, అంటే మొదటిదే మేలు. అయినా నూటికి 92 మంది రెండో దారి పట్టారు. అవే అంకెలను లాభంగా మార్చి, కచ్చితంగా 3,000 వస్తాయి లేదా ఎనభై పాళ్లు 4,000 వస్తాయి అని అడిగితే, 80 మంది చేతికొచ్చే 3,000 చాలన్నారు. అంటే లాభం దగ్గర జాగ్రత్తపడే మనిషే నష్టం దగ్గర తెగిస్తాడు. నష్టాన్ని నష్టంగా ఒప్పుకోవడం అంత బాధ కాబట్టి, అది తప్పే సందు ఎంత సన్నగా ఉన్నా అందులో దూరతాడు.

ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. లాభమా నష్టమా అని తేల్చడానికి మనసు ఎక్కడో ఒక గీత గీసుకుంటుంది. ఆ గీత ఎక్కడ ఉందన్న దాన్ని బట్టే మిగతాదంతా. మీ ఇంట్లో ఆ గీత ఇద్దరికి రెండు చోట్ల ఉంది. అమ్మగారి గీత ఇవాళ్టిది. బీరువాలో నగలున్నాయి, అవి పోతే నష్టం. నాన్నగారి గీత ఆరేళ్ల కిందటిది. మొదటి బోరుకు ముందు, అప్పు లేనప్పుడు, మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పుడు ఆయన ఎలా ఉన్నారో అదే ఆయనకు సున్నా. అక్కడి నుంచి చూస్తే ఆయన ఇప్పటికే గోతిలో ఉన్నారు. నగలు కూడా పోతే గోయి ఇంకాస్త లోతవుతుంది, అంతే. నీళ్లు పడితే మాత్రం ఒక్క దెబ్బతో గట్టుకు చేరతారు. ఆయన దృష్టిలో నగలు తాకట్టు పెట్టడం జూదం కాదు, బయటపడే ఒకే ఒక్క మెట్టు. అమ్మగారికి అది జూదం. ఇద్దరూ ఒకే విషయం మీద గొడవ పడుతున్నామనుకుంటున్నారు గానీ, ఇద్దరి లెక్కలు మొదలయ్యేదే వేరు వేరు చోట్ల. మా వదిన, మా అన్న ఇలాగే రెండేళ్లు పోట్లాడుకున్నారు.

మన పెద్దలు "పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అంటారు. ఉంగరం పోతే అది సరైన మాట. పోయిన వస్తువు పోయినచోటే పడి ఉంటుంది. బోరులో పోసిన డబ్బు ఆ బోరులో లేదు. అది బండి వాళ్లకు, డీజిలుకు, కేసింగ్ పైపులకు, వడ్డీకి పోయింది. ఐదో బోరులో నీళ్లు పడినా వచ్చేది కొత్త నీళ్లే, పాత డబ్బు కాదు. ఈ సామెత వినగానే మనసు రెండు వేరే సంగతుల్ని ఒకటి చేసేస్తుంది. మా అన్న నాలుగో బోరుకు ముందు సరిగ్గా ఈ మాటే అన్నాడు.

నాన్నగారి నోటి వెంట ఇంకో మాట కూడా వచ్చే ఉంటుంది, "నాలుగు పోయాయి, ఈసారి పడి తీరుతుంది" అని. వరసగా ఒకటే జరుగుతుంటే రెండోదానికి వంతు వచ్చిందని అనుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటేమో అనిపిస్తుంది. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో జూదశాలలో ఎరుపు, నలుపు గడులున్న రూలెట్ చక్రం తిరిగితే బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని జనం ప్రతిసారీ పందెం పెంచుకుంటూ పోయి లక్షలు పోగొట్టుకున్నారు. వరసగా నలుగురు ఆడపిల్లలు పుడితే ఐదోసారి తప్పకుండా మగపిల్లవాడే అని మన ఊళ్లలో ఎంతమంది అనలేదు? రెండు వందల ఏళ్ల కిందట ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ కూడా కొడుకు కోసం ఎదురుచూసే తండ్రుల్లో ఇలాంటి ఆలోచననే గమనించి రాశాడు. ఊళ్లో ఆ నెల మగపిల్లలు ఎక్కువగా పుడుతుంటే తమ వంతు ఆడపిల్ల అవుతుందని వాళ్లు దిగులుపడేవారట.

కానీ బోరు చక్రం లాంటిది కాదు. ఇది మీరు బాగా అర్థం చేసుకోవాలి. చక్రానికి జ్ఞాపకం లేదు, నిన్నటి నలుపుకీ ఇవాళ్టి బంతికీ సంబంధం లేదు. మన నేల అలా కాదు. అనంతపురం కింద ఉన్నది గట్టి రాయి. ఇసుక నేలల్లోలాగా ఎక్కడ తవ్వినా తగిలే నీటి పొర ఇక్కడ ఉండదు. నీళ్లు ఉంటే పైనున్న మెత్తబడిన రాతి పొరలో ఉంటాయి, లేదా కింద రాతి పగుళ్లలో ఉంటాయి. ఆ పగుళ్లు కూడా లోతుకు పోయేకొద్దీ మామూలుగా తగ్గుతాయి, బిగుసుకుంటాయి. నాలుగెకరాల్లో మూడు చోట్ల లోతుగా దించినా పగులు తగల్లేదంటే, ఆ ముక్క కింద మంచి పగుళ్లు తక్కువేమో అని రాయి మూడుసార్లు చెప్పింది. కాబట్టి ఐదో బోరుకు అవకాశం పెరగలేదు, అలాగే ఉండిపోనూ లేదు, ఇంకా తగ్గింది. నేల బాకీ పడింది, ఈసారి తీరుస్తుంది అని నాన్నగారు అనుకుంటున్నారు. నేల ఇచ్చింది బాకీ కాదు, కబురు.

580 అడుగుల తడి మట్టి సంగతికి వద్దాం. నా అనుమానం, మీ నాన్నగారిని రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది అదే. తృటిలో తప్పిన గెలుపు ఓటమి లాగా మనసుకు ఎక్కదు. 2009లో బ్రిటన్‌లో ల్యూక్ క్లార్క్ బృందం జూదపు యంత్రం లాంటి ఆట ఆడుతున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూసింది. మూడు బొమ్మలు కలవాల్సిన చోట రెండు కలిసి మూడోది ఒక్క గడి పక్కన ఆగితే, గెలిచినప్పుడు చురుకయ్యే మెదడు భాగాలే అప్పుడూ చురుకయ్యాయి. చేతికి వచ్చింది సున్నా అయినా ఇంకోసారి ఆడాలన్న కోరిక మాత్రం పెరిగింది. ఆ యంత్రంలో పక్క గడికి ఏ విలువా లేదు. నేలలో తడికి కొంత విలువ ఉండొచ్చు, అది చూసి చెప్పాల్సింది భూగర్భ జలాల గురించి చదువుకున్నవారు. ఆ తడి చూసిన రాత్రి నుంచి నాన్నగారి కళ్ల ముందు ఉన్నది మూడు వట్టి బోర్లు కాదని, రెండు వట్టివి, ఒక "దాదాపు పడిన" బోరు అని మాత్రం మీరు గుర్తుంచుకోండి. దాన్ని కొట్టిపారేస్తే ఆయన మీ మాట వినడం అక్కడితో ఆగిపోతుంది.

పక్క పొలం సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ అది చిన్నది కాదు. పక్కాయనకు రెండించుల నీళ్లు పడ్డాయి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషే పాయింట్ పెట్టాడు, అంటే బోరు ఎక్కడ వేయాలో చెప్పాడు, అదే మనిషి మీకూ పెడతానంటున్నాడు. నీళ్లు పోసే బోరు అందరికీ కనిపిస్తుంది. దాని మోటారు మోగుతుంది, గట్టు పచ్చగా ఉంటుంది. పోయిన బోరు ఎలా ఉంటుంది? కేసింగ్ పైపు లాగేస్తారు, నోటి మీద రాయి పెడతారు, మరుసటి ఏడాదికి పిచ్చిమొక్కలు కమ్ముకుంటాయి. సులువుగా గుర్తుకొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని మనసు అనుకుంటుంది. పచ్చగట్టు గుర్తుంటుంది, రాయి కింద కప్పిన రంధ్రం గుర్తుండదు. పాయింట్ పెట్టే మనిషి పేరు కూడా పడిన బోర్లతోనే నిలుస్తుంది. పోయిన చోట "రైతు జాతకం బాగాలేదు" అంటారు.

వాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. చాలామంది నిజంగా నమ్మే చేస్తారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడటం, చీలిక పుల్ల కిందికి వంగడం లాంటివి మనకు తెలియకుండానే కండరాలు చేసే పని అని ఇంగ్లండులో విలియం కార్పెంటర్ 1852లోనే వివరించాడు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 1988లలో పెద్ద పరీక్ష పెట్టారు. సుమారు 500 మంది పుల్లతో నీళ్లు చూసేవారిని వడగట్టి 43 మందిని ఎంచారు. ఒక కొట్టంలో కింది అంతస్తులో నీటి గొట్టాన్ని బండి మీద అటూ ఇటూ జరుపుతుంటే, పై అంతస్తులో నడుస్తూ అది ఎక్కడుందో చెప్పాలి. 843 సార్లు చూశారు. నిర్వహించినవారు కొందరికి ఆ శక్తి ఉందన్నారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త ఆ లెక్కలన్నీ తిరగేసి, కళ్లు మూసుకుని ఊహించి చెప్పినా దాదాపు అంతే వస్తుందని చూపించాడు. నన్ను అడిగితే, ఈ సంగతి మీ నాన్నగారితో వాదించడానికి వాడకండి. నమ్మకం మీద దాడి చేస్తే నమ్మకం బిగుసుకుంటుంది. దీనికి నేను చెప్పే దారి వేరే ఉంది, కింద రాస్తాను.

ముందు అన్నిటికంటే ముఖ్యమైనది. 1976లో అమెరికాలో బ్యారీ స్టా అనే పరిశోధకుడు వ్యాపార విద్యార్థులతో ఒక ఆట ఆడించాడు. ఒక కంపెనీకి రెండు విభాగాలు. పరిశోధనకు డబ్బు దేనికి ఇవ్వాలో తేల్చాలి. కొందరు మొదటి నిర్ణయం తామే తీసుకున్నారు. మరికొందరికి, ఆ నిర్ణయం ముందున్న అధికారి తీసుకున్నాడని చెప్పారు. తర్వాత ఆ విభాగం నష్టపోయిందని అందరికీ తెలియజేసి, రెండోసారి డబ్బు పంచమన్నారు. నష్టపోయిన విభాగానికి ఎక్కువ డబ్బు పోసింది ఎవరు? మొదట దాన్ని ఎంచుకున్న వాళ్లే. ఇతరుల తప్పును దాటి ముందుకు పోవడం తేలిక. తన తప్పు అయితే, అది తప్పు కాదని రుజువయ్యే దాకా మనిషి దాని మీదే పోస్తూ ఉంటాడు. మీ నాన్నగారు ఊరి పంచాయితీల్లో అంత చక్కగా తీర్పు చెప్పడానికీ సొంత పొలంలో తడబడటానికీ కారణం ఇదే. ఊరి తగాదాల్లో ఆయన పేరు పణంగా లేదు.

ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నదాన్ని ఈ వెలుగులో చూడండి. "రెండోది పోయినప్పుడే చెప్పాను" అని మీరు ఫోనులో అన్నారని రాశారు. నేనూ అన్నాను. 2003 జూన్‌లో, వదిన, పిల్లలు అందరూ ఉండగా, భోజనాల దగ్గర, "నీ మొండితనంతో ఇల్లు గుల్ల చేశావు" అని మా అన్నతో అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆగస్టులో నాకు చెప్పకుండా నాలుగో బోరు వేయించాడు. ఆ బోరుకు ఆయన ఎంత కారణమో నేనూ అంతే కారణమని ఇన్నేళ్ల తర్వాత నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఆ రోజు నుంచి ఆయన వెతికింది నీళ్లను మాత్రమే కాదు, తాను మొండివాడు కాదన్న రుజువును కూడా. అది దొరికే చోటు నేల అడుగున ఒక్కటే మిగిల్చాను నేను. ఇంట్లో నిందించిన కొద్దీ బోరు లోతవుతుంది. నేను ఈ సమాధానం రాయడానికి కారణం ఈ ఒక్క మాటే.

మరి ఏం చేయాలి? ముందు సమయం చూసుకోండి. అప్పులవాడు వచ్చి వెళ్లిన రోజు, వడ్డీ కట్టాల్సిన వారం ఈ మాట ఎత్తకండి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పరీక్షించారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. అదే రైతు, అదే బుర్ర, డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు తర్క పరీక్షల్లో వెనకబడ్డాడు, పంట అమ్ముకున్నాక మెరుగయ్యాడు. ఇబ్బంది బుర్రలో చోటు ఆక్రమిస్తుంది. ఆయన కాస్త ఊపిరి పీల్చుకునే రోజు చూసి, మీరున్న బెంగళూరు నుంచి ఫోను చేయడం కాకుండా, రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లండి.

వెళ్లాక ముందుగా ఆయనకు దక్కాల్సిన మాట దక్కనివ్వండి. మొదటి బోరు వేసినప్పుడు అది సరైన నిర్ణయమే. నీళ్లు పడ్డాయి, రెండేళ్లు తోట బతికింది. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో చెట్లను ఇంతదాకా తెచ్చిన మనిషి ఆయన. ఇది పొగడ్త కాదు, నిజం. ఒక్క ఓటమికి వెనక్కి తగ్గేవాళ్లు అయితే ఈ నేల మీద వేరుశనగ విత్తనం కూడా వేయరు. నిర్ణయం మంచిదై ఫలితం చెడ్డదవడం వేరు, నిర్ణయమే చెడ్డదవడం వేరు అని మీరు ఆయన ముందు విడదీసి చెప్పగలిగితే, పాత బోర్లను సమర్థించుకోవాల్సిన పని ఆయనకు ఉండదు.

తర్వాత ఒక నోటు పుస్తకం తీసుకుని ఇద్దరూ కలిసి మీ చుట్టుపక్కల పొలాల్లో తిరగండి. గత పదేళ్లలో ఎవరెవరు ఎన్ని బోర్లు వేశారు, ఎంత లోతు, పాయింట్ ఎవరు పెట్టారు, ఇవాళ నీళ్లు పోస్తున్నవి ఎన్ని. కొబ్బరికాయ సంగతికి నేను చెబుతానన్న దారి ఇదే. మీరు వాదించనక్కర్లేదు, ఆ మనిషి పెట్టినవి ఎన్ని, పడినవి ఎన్ని అని ఒక గడి గీస్తే చాలు. లెక్కను శాతాల్లో చెప్పకండి. "ఇరవైలో అయిదు" అన్నది మనసుకు ఎక్కినట్టు "పాతిక శాతం" ఎక్కదు. ఇది జర్మన్ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ వైద్యుల మీద కూడా పరీక్షించి చూపించిన సంగతి.

ఈ తిరుగుడు ఎందుకంటే, మన సొంత పని గురించి ఆలోచించేటప్పుడు మనం లోపలి నుంచి చూస్తాం. మన పొలం, మన పాయింట్, మన తడి మట్టి. బయటి నుంచి, మనలాంటి వాళ్లకు ఏమైందని చూడం. కానెమన్ స్వయంగా ఇందులో పడ్డారు. 1970లలో ఆయన బృందం బడి పిల్లలకు నిర్ణయాల గురించి ఒక పాఠ్యపుస్తకం రాయబోయింది. రెండేళ్లు పడుతుందని అందరూ లెక్కవేశారు. ఇలాంటి పని పెట్టుకున్న మిగతా బృందాల సంగతేమిటని వారిలో ఒక అనుభవజ్ఞుణ్ణి అడిగితే, పదింటిలో నాలుగు అసలు పూర్తే చేయలేదని, చేసినవాటికి కనీసం ఏడేళ్లు పట్టిందని చెప్పాడు. తన లెక్కలో రెండేళ్లు అని రాసింది కూడా ఆ మనిషే. అది విని కూడా వాళ్లు పని కొనసాగించారు. ఎనిమిదేళ్లు పట్టింది.

లెక్క చేతికొచ్చాక ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి. "నాయనా, ఈ తోట ఇవాళే మనకు వచ్చిందనుకో. పాత బోర్లు మనం వేసినవి కావు. చేతిలో ఈ నగలంత డబ్బుంది. అప్పుడు ఏం చేస్తాం?" ఈ ప్రశ్న ఆయన గీతను ఆరేళ్ల కిందటి నుంచి ఇవాళ్టికి జరుపుతుంది. జవాబు చెప్పేది ఆయనే, మీరు కాదు. "బోరే వేస్తాను" అని వస్తే దాన్ని గౌరవించండి. చీనీ చెట్లకు ముందున్న కాపు విలువ నిజమైనది, దాన్ని పోయిన డబ్బుతో కలిపి కొట్టేయకూడదు. అప్పుడు రెసిస్టివిటీ సర్వే చేయించండి. నేలలోకి కరెంటు పంపి రాతి పొరలను అంచనా వేసే పద్ధతి అది, హామీ ఇవ్వదు గానీ కొబ్బరికాయ కంటే ఎంతో మేలు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, బండి రాకముందే, పగటిపూట, ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో కాగితం మీద రాసి ఆ కాగితం అమ్మగారి చేతికివ్వండి. అర్ధరాత్రి మిషన్ ఆగి "ఏం చేద్దాం" అని మేస్త్రీ అడిగినప్పుడు అక్కడున్న మగవాళ్లెవరినీ నమ్మకూడదు. నన్నూ నమ్మకూడదు.

"వేయాలా వద్దా" అన్న రెండు దారులే ఆయన ముందు పెట్టకండి. వద్దంటే తోట చచ్చిపోతుందన్నట్టు ఉంటుంది, ఆ మాట ఎవరు ఒప్పుకుంటారు? మూడో దారి చూపండి. బోరు ఖర్చుతో ఈ వేసవి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి? బాగా కాసే రెండెకరాలను మాత్రమే కాపాడుకుని, పాదుల్లో చెత్త కప్పి, డ్రిప్పుతో తడి ఇస్తే ఎన్ని చెట్లు నిలుస్తాయి? పక్కాయన రెండించుల నీళ్లలో వంతు అడిగి, బదులుగా ఏం ఇవ్వగలరు? మన జిల్లాలో కొన్ని ఊళ్లలో రైతులు ఉన్న బోర్లను పైపులతో కలుపుకుని, కొత్తవి వేయకూడదని కట్టుబాటు పెట్టుకుని నీళ్లు పంచుకున్నారు. పంచాయితీలు తీర్చే మనిషికి ఇలాంటి ఒప్పందం కుదర్చడం చేతకాదంటారా? ఆయనకు గెలిచే దారి ఇంకొకటి ఉండాలి.

గ్యారీ క్లైన్ అనే నిర్ణయ శాస్త్రవేత్త చెప్పిన ఒక పద్ధతి కూడా పనికొస్తుంది. ఏడాది తర్వాత ఐదో బోరూ పోయిందనుకుని, ఎందుకు పోయింది, ఆ రోజు ఇంట్లో ఎవరు ఎలా ఉన్నారు అని ముగ్గురూ విడివిడిగా చెప్పడం. అమ్మగారిని ముందు చెప్పనివ్వండి. ఆమె మాట ఇంతవరకు వినపడినట్టు మీ ప్రశ్నలో నాకు కనిపించలేదు.

ఇంకొకటి, చాలా సూటిగా చెబుతున్నాను. నాన్నగారు సరిగా తినకపోయినా, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాట ఒక్కటి అన్నా, బోర్ల లెక్క పక్కన పెట్టేయండి. ఆ రోజే ఆయన పక్కన ఉండండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాగాలేనివారికి ఫోనులో సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మన జిల్లాలో ఈ మాట తేలిగ్గా తీసుకున్న ఇళ్లు ఏమయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నాలుగో బోరు పోయాక మా అన్నతో నోటు పుస్తకం పట్టుకుని నేనూ తిరిగాను. రెండు రోజులు పట్టింది. మా ఊరి తూర్పు వైపు 23 బోర్లు లెక్కకొచ్చాయి, ఆ రోజు నీళ్లు పోస్తున్నవి 6. నేను మొదటి రోజు ఉదయమే పెద్ద పొరపాటు చేయబోయాను. పుస్తకం తెరిచి మొదటి వరసలో మా అన్న పేరు, కింద నాలుగు బోర్లు రాయబోతే ఆయన ముఖం మారిపోయింది. కొట్టేసి, పక్క పొలం నుంచి మొదలుపెట్టాం. మీరూ అలాగే చేయండి. మీవి నాలుగూ చివరి పేజీ దాకా ఎత్తకండి. రెండో రోజు సాయంత్రం ఇంటికి వస్తూ మా అన్న పెన్ను ఇమ్మని అడిగి, తనవి తానే రాశాడు, లోతులతో సహా.